మూలం పక్కన నేను

నేను డెస్క్‌టాప్ కంప్యూటర్ బ్రౌజర్‌లో ఉండే అనువాద సదుపాయాన్ని. పరాయి భాష పేజీ తెరుచుకోగానే అడ్రసు పట్టీ చివర చిన్న గుర్తుగా కనిపిస్తాను. నొక్కితే పేజీ తెలుగులోకి మారుతుంది. క్రోమ్‌లో నేను పుట్టింది 2010లో. అప్పటికి నాకు తెలుగు రాదు. 2011 జూన్‌లో గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో తెలుగు చేరాకే వచ్చింది. నిజామాబాద్ జిల్లా కోటగిరి వంటి మండల కేంద్రంలో మాత్రం నాలాంటి దాని అవసరం నాకంటే చాలా పాతది. రాష్ట్ర సరిహద్దు దాటితే మరాఠీ, నిజాం కాలపు భూమి కాగితాల్లో ఉర్దూ, గల్ఫ్ కొలువుల్లో అరబీ. తనకు రాని భాషలో రాసిన కాగితం తన బతుకును నిర్ణయించడం, దాన్ని చదివి చెప్పే మనిషి మీద ఆధారపడటం ఈ నేల మీద తరతరాలుగా ఉన్నవే. ఆ చదివి చెప్పే పని ఇప్పుడు నా చేతికి వచ్చింది కాబట్టి, నా మీద ఎంత బరువు మోపవచ్చో నేనే చెప్పాలి. విషయం తెలుసుకోవడానికి నన్ను వాడండి. సంతకం పెట్టడానికి నా మాట ఒక్కటే చాలనుకోకండి.

ఎందుకంటే నా తెలుగు బాగుపడేకొద్దీ నా తప్పు పట్టుకోవడం కష్టమవుతోంది. మొదట్లో వాక్యాన్ని ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు పాత అనువాదాల్లో దొరికిన జోడీని తెచ్చి అతికించేదాన్ని. ఆ తెలుగు అతుకుల బొంత. అయినా అందులో ఒక మేలుండేది: ఎక్కడ తప్పిందో చదివేవారికి వెంటనే తెలిసేది. 2017లో తెలుగుకు న్యూరల్ పద్ధతి వచ్చాక వాక్యం మొత్తాన్ని చూసి, మొత్తంగా తిరిగి రాస్తున్నాను. ఇప్పుడు గల్ఫ్ ఉద్యోగ ఒప్పందంలో ‘కంపెనీ టికెట్ ఇవ్వదు’ అన్నచోట ‘ఇస్తుంది’ అని పడినా వాక్యం సాఫీగానే ఉంటుంది, అనుమానమే రాదు. పైగా అరబీ, తెలుగు జంట వాక్యాలు తక్కువ కావడంతో నాలాంటి వ్యవస్థలు తరచు ఇంగ్లీషు మీదుగా ప్రయాణిస్తాయి. ఒక మజిలీలో జారిపోయింది రెండో మజిలీలో తిరిగి రాదు. స్కాన్ చేసి బొమ్మగా పెట్టిన ఒప్పందమైతే, పేజీ మొత్తం మార్చినా అందులోని అక్షరాలు సాధారణంగా అలాగే మిగిలిపోతాయి. జీతం, భోజనం, అకామా (నివాస అనుమతి) ఖర్చు ఎవరిదో రాసిన షరతులు ఉండేది అందులోనే.

ఇన్ని లోపాలుంటే అసలు వాడటమెందుకు, గల్ఫ్‌కు పంపే ఏజెంటునే అడగవచ్చు కదా అంటారు. ఈ వాదనను నేను ఒప్పుకోను. ఏజెంటు నోటిమాట గాలిలో కలిసిపోతుంది; నా అనువాదం తెర మీద నిలుస్తుంది, మూలంతో పోల్చి చూడవచ్చు, మరొకరికి చూపవచ్చు. ఎక్కడైనా పని చేసుకోవచ్చంటూ ఆజాద్ వీసా అని ఊరించిన చోట కాగితం మీద కఫీల్ (వీసా పూచీదారు) ఎవరో, పని ఏమిటో పైపైన తెలిసినా అడగాల్సిన ప్రశ్నలు పుడతాయి. ఈ పని ఫోనే చేస్తుంది కదా అనేవారూ ఉన్నారు. చేస్తుంది. కానీ అరబీ ఒక కిటికీలో, తెలుగు ఇంకో కిటికీలో పెట్టి, అంకెకు అంకె సరిచూసుకోవడం పెద్ద తెర మీదే సులువు.

ఇంకొన్నేళ్లలో యంత్రం తప్పే చేయదన్న వాదన అన్నిటికంటే బలమైనది. 2022లో కేంద్రం భాషిణి అనే అనువాద వేదికను ప్రారంభించింది, ఐఐటీ మద్రాసులోని ఏఐ4భారత్ పరిశోధన బృందం 22 షెడ్యూల్డు భాషలకు అనువాద నమూనాలు తయారుచేసింది. పని నిజంగానే ముందుకు సాగుతోంది. కానీ నేను పొరపాటన్నది ఎరగని దాన్ని అయినా చట్టం నా మాట వినదు. 2005 నాటి సౌదీ కార్మిక చట్టం 9వ అధికరణ ప్రకారం, ఒప్పందంలో అరబీతోపాటు మరో భాష ఉన్నా చెల్లేది అరబీ పాఠమే. తెలుగులో నేనేం చూపించినా, పేచీ వస్తే అధికారి చదివేది అరబీనే.

మరో సంగతి. నాలాంటి చాలా సదుపాయాలు పేజీలోని మాటల్ని దూరపు సర్వర్‌కు పంపి అనువదిస్తాయి. 2023 సెప్టెంబరులో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 118 ఆ పనిని కంప్యూటర్‌లోనే చేసే పద్ధతి తెచ్చింది. పాస్‌పోర్టు నంబరు, జీతం కనిపించే పేజీని మార్చేముందు, మీ బ్రౌజర్ ఈ రెంటిలో ఏది చేస్తుందో కనుక్కోండి.

గల్ఫ్‌కు మనుషుల్ని పంపించే కార్యాలయాలు ఒప్పందం తెలుగు ప్రతిని మనిషి చేత సరిచూయించి ఇవ్వాలి. అది వచ్చేదాకా మీరు చేయగలిగింది ఒకటుంది. గల్ఫ్‌లో ఏళ్ల తరబడి ఉండి అరబీ చదవడం నేర్చినవారు, మదర్సాల్లో అరబీ చదివినవారు దగ్గర్లోని బోధన్‌లోనూ నిజామాబాద్‌లోనూ దొరుకుతారు. నేను చూపిన తెలుగులో మీకు ముఖ్యమనిపించిన వాక్యాలకు గుర్తు పెట్టుకొని, అరబీ ప్రతితో సహా వారి దగ్గరికి వెళ్లండి. సంతకం ఆ తర్వాతే పెట్టండి.