ఆఫీసు దగ్గర ఇల్లు తీసుకోకండి

నాటకాల మీద మనసుండి, ఉద్యోగం కోసం హైదరాబాదు వచ్చినవాళ్ళకి అందరూ చెప్పే మాట ఒకటే: మాదాపూర్‌లో ఆఫీసు పక్కనే హాస్టల్ చూసుకో, మిగతా టైమంతా నీదే. నేను వద్దంటాను. ఆ టైము మీకు మిగలదు. పది నిమిషాల దూరంలో ఉన్న మనిషిని రాత్రి ఎనిమిదికి వెనక్కి పిలవడానికి ఎవరూ మొహమాటపడరు.

చిక్కడపల్లిలో పోర్షన్ వెతుక్కోండి. నాటకాలు జరిగే త్యాగరాయ గానసభ అక్కడే ఉంది. బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రానికి నడిచిపోవచ్చు. మెట్రోలో పరేడ్ గ్రౌండ్ దగ్గర ఒక్కసారి మారితే హైటెక్ సిటీ. దూరమే, కానీ డైలాగులు నోటికి పట్టేది ఆ దూరంలోనే. వెళ్ళేటప్పుడు మీ మాటలు, వచ్చేటప్పుడు ఎదుటి పాత్ర మాటలు చదవండి. అవతలివాళ్ళ మాట ఎక్కడ ఆగుతుందో తెలియనివాడు తన మాట సరిగ్గా అందుకోలేడు.

నాటకాల సంగతి ఆఫీసులో దాచమంటారు, పనిమీద సీరియస్‌గా లేడనుకుంటారని. చేరిన వారంలోనే చెప్పేయండి. ఏ రోజుల్లో రిహార్సల్ ఉందో, ఎన్నింటికి లేచిపోతారో ముందే తెలిస్తే మీ మేనేజరు మీటింగులు అటూ ఇటూ జరుపుతాడు. ఆఖరి నిమిషంలో కడుపునొప్పి అంటే మాత్రం రెండోసారి నమ్మడు. చెప్పాక పని ఆరులోపు తేల్చి తీరాలి. క్యాంటీన్ కబుర్లు పోతే పోనీండి.

టీమ్ లీడ్ ఇస్తామంటే ఒకటి రెండేళ్ళు ఆగమనండి. అమెరికా క్లయింటుకి తెల్లవారేది మన రిహార్సల్ మొదలయ్యే వేళకే. ఆ కాల్స్ నెత్తిన పడ్డాక సాయంత్రాలు తిరిగి రావు. ఇంట్లోవాళ్ళు బాధపడతారు, నిజమే. అయినా జీతం ఆలస్యంగా పెరిగినా తట్టుకోవచ్చు. నటన ముదరాల్సిన ఏళ్ళు పోతే మళ్ళీ రావు.

అలాగని ఉద్యోగం మానకండి. తెలుగు నాటక సమాజాలను నిలబెట్టినవాళ్ళలో బ్యాంకు, ఎల్‌ఐసీ, రైల్వే ఉద్యోగులు ఎందరో. రిహార్సళ్ళు సాయంత్రం పెట్టుకోవడం అలవాటైందే అందరికీ పగలు ఆఫీసులుండబట్టి. కోట శ్రీనివాసరావు స్టేట్ బ్యాంకులో పనిచేస్తూ నాటకాలాడారు. 1978లో ఆయన తొలిసారి తెరమీద కనిపించిన ‘ప్రాణం ఖరీదు’ కూడా మొదట నాటకమే.

మొదటి నాటకంలో వేషం అడగొద్దు. ప్రాంప్టింగ్ అడగండి. స్క్రిప్టు మొత్తం చేతిలో ఉంటుంది, ఎవరు ఎక్కడ తడబడతారో, ఏ మౌనం ఎంతసేపు నిలుస్తుందో తెలుస్తుంది. పైగా రోజూ ఎవరో ఒకరు ఆఫీసులో ఇరుక్కుపోతారు. వాళ్ళ చోట నిలబడి చదవాల్సింది మీరే. అలా చదవగా చదవగా నాలుగైదు పాత్రలు మీ ఒంటికి పట్టేస్తాయి. కొత్తవాళ్ళకి నేను చెప్పేవాటిలో దీన్నొక్కదాన్నీ బతిమాలి చెబుతాను.

ప్రదర్శన రోజు ఆఫీసుకి వెళ్ళండి, కుదిరితే ఒంటిపూట. ఇంట్లో కూర్చుంటే భయంతో పొద్దుటినుంచీ అరిచి గొంతు పాడుచేసుకుంటారు. సెలవు మర్నాటికి పెట్టండి. మేకప్ కడిగి, సెట్ విప్పి, బండికెత్తేసరికి అర్ధరాత్రి దాటుతుంది. సెలవుకి కారణం అడిగినచోట జ్వరమని రాయకండి, నాటకమనే రాయండి.