‘కంప్రెషర్ పోయింది’: టీకా తాత్పర్య సహితం

అవతారిక

విజయవాడ హైవే నుంచి అద్దంకి రోడ్డు చీలే నార్కట్‌పల్లిలో, ఒక రేకుల షెడ్డు ముందు, మే నెల మిట్టమధ్యాహ్నం, 2012 మోడల్ పెట్రోలు కారు బానెట్‌లోంచి తల బయటికి తీసి ఒక మెకానిక్ ఆ బండి యజమానితో పలికిన వాక్యం ఇది. యజమాని కుటుంబంతో సూర్యాపేట పోవాల్సినవాడు. ఎవరు, ఎవరితో, ఎప్పుడు అన్నారో చెప్పకుండా వ్యాఖ్య మొదలుపెట్టడం మర్యాద కాదు. వ్యాఖ్యాతల్లో పెద్దాయన మల్లినాథ సూరి మన మెదక్ కొల్చారం వాడే. కిరాతార్జునీయానికి రాసిన వ్యాఖ్యకు ‘ఘంటాపథం’ అని, అంటే రాజమార్గమని, పేరు పెట్టుకున్నాడు. మా వ్యాఖ్య కూడా 65వ నంబరు జాతీయ రహదారి పక్కన పుట్టిందే కాబట్టి కొంత ధైర్యం.

మూలం

“సార్, కంప్రెషర్ పోయింది. కొత్తదేస్తే ఇరవై ఎనిమిది, సెకండ్‌దేస్తే పన్నెండు. గ్యాసు సపరేటు. మీరెట్లంటే అట్ల.”

ప్రతిపదార్థం

సార్ = ఓ కారు గలవాడా! బండి షెడ్డులోకి వచ్చినప్పుడు “ఏమైందన్నా” అన్న నోరే బానెట్ ఎత్తాక “సార్” అన్నది. ఖర్చు పెద్దదని శ్రోత ఇక్కడే గ్రహించాలి.

కంప్రెషర్ = గ్యాసును ఒత్తి కండెన్సర్‌కు తోసే యంత్రం. ఇంజిన్ బెల్టే దీన్నీ తిప్పుతుంది. ముందు భాగాన అయస్కాంతపు క్లచ్ ఉంటుంది. ఏసీ బటన్ నొక్కగానే ‘టక్’మనేది అదే. 1940 మోడల్ ప్యాకార్డ్ కార్లతో వచ్చిన ఏసీకి ఈ క్లచ్ లేదు. చలి వేస్తే బండి ఆపి, బానెట్ ఎత్తి, బెల్టు ఊడదీయాల్సిందే. చలి వేసిందని బండి ఆపే భాగ్యం నల్లగొండ జిల్లాలో ఎవరికీ పట్టలేదు, అది వేరే సంగతి.

పోయింది = ఇది నానార్థం. లోపల పిస్టన్లు అరిగినా పోయిందే, క్లచ్ కాయిల్ కాలినా పోయిందే, పుల్లీ బేరింగ్ కీచుమన్నా పోయిందే. గ్యాసు లేనప్పుడు ప్రెషర్ స్విచ్ కంప్రెషర్‌ను తిరగనివ్వదు. అదీ చూసేవాడికి పోయినట్టే ఉంటుంది, నిజానికి అది బతికే ఉంది. క్రియ ఒకటే, ధరలు వేరు. సందేహ నివృత్తికి ప్రమాణం గేజీలు. ఇంజిన్ ఆన్‌లో ఉండగా నీలం ముల్లు, ఎర్ర ముల్లు రెండూ కిందికి పడితే గ్యాసు లేదన్నమాట. నీలం పైకి, ఎరుపు కిందికి వచ్చి రెండూ దగ్గరపడితే కంప్రెషర్ ఒత్తడం లేదన్నమాట. గేజీ పెట్టకుండా చెప్పిన ‘పోయింది’ శబ్దప్రమాణమే తప్ప ప్రత్యక్షం కాదు.

ఇరవై ఎనిమిది = ‘వేలు’ అనే పదాన్ని అధ్యాహారం చేసుకోవాలి. వేలు అనే మాట నోటితో అనకపోవడం వక్త దయాగుణం. దీని తర్వాత ఒక యతి ఉంది: అక్కడ ఆగి మన ముఖం చూశాడు.

సెకండ్‌ది = వేరొక బండి శరీరం విడిచి వచ్చినది. దాని పూర్వజన్మ మూలంలో చెప్పలేదు. పాత కంప్రెషర్ లోపల అరిగి ముక్కలైతే ఇనుప రజను పైపుల వెంట పోయి కండెన్సర్ సన్నని గొట్టాల్లో కూర్చుంటుంది. దాన్ని కడిగి తీయడం దాదాపు కాని పని. ఆ కండెన్సర్ ఉంచి కొత్త కంప్రెషర్ వేసినా పన్నెండూ ఇరవై ఎనిమిదీ ఒకే దారిన పోతాయి.

గ్యాసు సపరేటు = ఈ రెండు మాటల్లోనే వాక్యం ప్రాణం ఉంది. గ్యాసు పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. పైపుల్లో తిరిగిన గ్యాసే తిరుగుతుంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. అయినా ఏటా మార్చిలో ‘గ్యాసు కొట్టించడం’ మన దగ్గర ఉగాది పచ్చడంత ఆచారం. కంప్రెషర్‌కు కావాల్సిన ఆయిల్ ఆ గ్యాసుతోనే కలిసి తిరుగుతుంది, గ్యాసుతోపాటే అదీ కారిపోతుంది. గ్యాసు నింపుతారు, ఆయిల్ సంగతి ఎవరూ అడగరు. ఎండిన కంప్రెషర్ కొన్ని వేసవులు ఓర్చుకుని చివరికి పోతుంది. అంటే మొదటి మాటలోని చావుకు కారణం మూడో మాటలో ఉంది. కారణం కంటే కార్యం ముందు రావడం అత్యంతాతిశయోక్తి అని ఆలంకారికులు. బిల్లులు తరచూ ఈ అలంకారంలోనే ఉంటాయి.

కారుతున్నది ఎక్కడ? కండెన్సర్ రేడియేటర్ ముందు, గ్రిల్ వెనకాల ఉంటుంది. హైవే మీద టిప్పర్ల వెనక పోయే బండికి కంకర రాళ్లు మొదట తగిలేది దానికే. ఈ షెడ్డులో కుర్రాడు సర్ఫు నురగను బ్రష్‌తో గ్రిల్ సందులోంచి పూశాడు. అంతా మామూలుగానే ఉంది. కింది మూల, జిడ్డు దుమ్ము పట్టిన చోట మాత్రం చిన్న బుడగ ఉబ్బి, పగిలి, మళ్లీ ఉబ్బింది. ఆ గ్యాసు పేరు ఆర్134ఎ. వందేళ్ల లెక్కన కార్బన్ డయాక్సైడ్ కంటే 1,430 రెట్లు భూమిని వేడెక్కిస్తుంది. మనం చల్లబడాలని కొట్టించిన గ్యాసు బయట ఆ పని చేస్తున్నది.

పాఠభేదం

“అసెంబ్లీ మొత్తం మార్చాలి, జీఎస్టీ అదనం” అని షోరూం ప్రతి. “అద్దాలు దించుకుని పోరాదుండ్రి” అని బావమరిది ప్రతి. ఈ రెండోది పంతంగి, కొర్లపహాడ్ టోల్‌గేట్ల దగ్గర లారీ పొగలో నిలబడని పాఠం.

పూర్వపక్షం

బండే లక్షన్నర చేయదు, దానికి ఇరవై ఎనిమిది వేలు పెడతారా అని ఆక్షేపణ. ఇది బండి అమ్మేవాడి లెక్క, ఎక్కేవాడిది కాదు. ఏసీకి పెట్టిన డబ్బు అమ్మకంలో ఎటూ తిరిగి రాదు. ఇంకెన్ని వేసవులు ఉంచుకుంటామో దానితో భాగించాలి. దసరాకు అమ్మే బండైతే సెకండ్‌దీ దండగే. నాలుగేళ్లు ఉంచుకునేదైతే వేసవికి ఏడు వేలు. వానాకాలంలో ముందద్దానికి పట్టే మబ్బును తుడిచేది కూడా ఏసీయే. పైగా ‘వద్దులే’ అనడం అన్ని వేళలా ఉచితం కాదు. ఏసీ ఆపేసినా పుల్లీ బెల్టుతో తిరుగుతూనే ఉంటుంది. దాని బేరింగ్ పట్టేస్తే బెల్టు తెగుతుంది. చాలా బండ్లలో ఆల్టర్నేటర్ తిరిగేదీ ఆ బెల్టు మీదే.

మీరెట్లంటే అట్ల = ‘మీరు’ గౌరవ వాచకమని కొందరు. బహువచనమేనని మా పక్షం. ఆ మాట అన్నప్పుడు మెకానిక్ చూపు వెనక సీటు మీద ఉంది. అక్కడ అత్తగారు ఇన్సూరెన్స్ కాగితంతో విసురుకుంటూ, అల్లుడి వైపు కాకుండా రోడ్డు వైపు చూస్తున్నది.

తాత్పర్యం

ఓ వాహనాధిపతీ! కండెన్సర్‌కు చిల్లు పడుటచే గ్యాసును, దానితో ఆయిలును కారిపోగా నీ కంప్రెషర్ ఎండి నశించినది. కావున కండెన్సర్‌ను, రిసీవర్ డ్రయర్‌ను మార్పించి, నైట్రోజన్ పట్టించి ఎక్కడా కారడం లేదని రూఢి చేసుకొని, ఆ పిమ్మట కొత్త కంప్రెషర్‌కు రూకలు చెల్లింపుము. వెనక సీటు వారి అభిప్రాయమును ముందే తెలిసికొనుము, అని భావము.

ఇది చెర్వుగట్టు జడల రామలింగేశ్వర కటాక్షలబ్ధ సహన సామ్రాజ్య, టిప్పర్ ధూళి ధూసరిత సర్వాంగ, నార్కట్‌పల్లి చౌరస్తా నివాస వ్యాఖ్యాతృ ప్రణీతంబైన కంప్రెషర్ సూత్ర వ్యాఖ్యయందు గ్యాసు ప్రకరణంబు సమాప్తము. కూలింగ్ కాయిల్ ప్రకరణం డ్యాష్‌బోర్డు ఊడదీశాక.