అవ్యయాల మీద అజమాయిషీ

ఇంగ్లీషులో పెద్ద మాట తప్పు పలికితే లోకం నవ్వి ఊరుకుంటుంది. చిన్న మాట చోటు మారితే మాత్రం పంచాయతీ పెడుతుంది. ఇన్, ఆన్, ఆఫ్టర్, ఓన్లీ, అండ్, బట్ లాంటివాటిని మన వ్యాకరణం అవ్యయాలంటుంది. లింగం, వచనం, విభక్తి ఏదీ అంటని పరమహంసలన్నమాట. అలాంటి పరమహంసలకు ఇంత కాపలా ఎందుకో అర్థం కాదు. వాక్యం చివర ప్రిపొజిషన్ ఉండరాదు, ‘అండ్’తోగాని ‘బట్’తోగాని వాక్యం మొదలెట్టరాదు, క్రియావిశేషణం గీసిన గీత దాటరాదు. స్పోకెన్ ఇంగ్లీషు నోట్సులోంచి ఈ చిట్టా బట్టీపట్టి డబ్లిన్‌లో దిగిన మనవాళ్లలో కొందరు వారం తిరక్కుండానే తీర్పు ఇచ్చేస్తారు: “ఈ ఐరిష్ వాళ్లకి ఇంగ్లీషు రాదండీ!” ఇంగ్లీషులో స్విఫ్ట్‌నీ, షానీ, జాయిస్‌నీ కన్న దేశానికి ఇంగ్లీషు రాదట. అమీర్‌పేటలో వచ్చునట.

ముందు ఆ చిట్టా పుట్టుపూర్వోత్తరాలు చూద్దాం. ప్రిపొజిషన్‌తో వాక్యం ముగించడం తప్పని 1672లో జాన్ డ్రైడెన్‌కి తోచింది. అప్పటికి ముప్పై అయిదేళ్ల కిందటే కన్నుమూసిన బెన్ జాన్సన్ వాక్యాల్లో ఆ దోషం పట్టుకున్నాడు. చనిపోయినవాడు ఎదురు చెప్పడు కదా! తర్వాత తన పాత వ్యాసాన్ని 1684లో మళ్లీ అచ్చు వేయించేటప్పుడు తన వాక్యాల తోకలు కూడా కత్తిరించుకున్నాడు. ఎందుకు తప్పో ఆయన చెప్పలేదు. లాటిన్‌లో అలా కుదరదు కాబట్టి ఇంగ్లీషులోనూ కుదరకూడదన్న వాదాన్ని తర్వాతివాళ్లు ఆయన తరఫున వినిపించారు. తర్వాత లండన్ బిషప్పు అయిన రాబర్ట్ లౌత్ 1762లో వ్యాకరణం రాస్తూ, ఈ అలవాటు మాటల్లో చెల్లుతుందిగాని గంభీరమైన రాతకు తగదన్నాడు. ఇంగ్లీషు ఈ అలవాటు వైపే మొగ్గుతుందని ఆయన రాసిన వాక్యం సరిగ్గా ప్రిపొజిషన్‌తోనే ముగిసింది. బిషప్పుగారు కావాలనే చమత్కరించారో, చెయ్యి జారిందో గాని, శిష్యపరమాణువులు చమత్కారాన్ని వదిలేసి నిషేధాన్ని మాత్రం నెత్తికెత్తుకున్నారు. 1926లో ఫౌలర్ దీన్ని మూఢనమ్మకమని కొట్టిపారేశాడు. కొట్టిపారేసినంత మాత్రాన మూఢనమ్మకాలు పోతే మనకింత మంది బాబాలు ఉండేవారు కారు. ఇక ‘అండ్’ సంగతి. 1611 నాటి ఇంగ్లీషు బైబిల్లో ఆదికాండం మొదటి అధ్యాయానికి 31 వచనాలు. అందులో 29 ‘అండ్’తోనే మొదలవుతాయి. వెలుగు కలుగుగాక అన్న వచనం కూడా వాటిలోదే. వెలుగు కలిగింది. మార్కులెవరూ కోయలేదు.

ఇప్పుడు ముద్దాయిని బోనెక్కిద్దాం. ఐర్లండ్‌లో ఎవరైనా ‘అయామ్ ఆఫ్టర్ హావింగ్ మై డిన్నర్’ అంటే భోజనం కోసం వెంటపడుతున్నారని కాదు, ఇప్పుడే తిని లేచారని. ఐరిష్ భాషలో పని ఇప్పుడే ముగిసిందనడానికి ‘ఆ పని తర్వాత ఉన్నాను’ అనే వాక్యం కడతారు. ఆ కట్టడమే ఇంగ్లీషు బట్టలు కట్టుకుంది. ‘ద కార్ బ్రోక్ డౌన్ ఆన్ మీ’ అంటే కారు మీద పడిందని కాదు, అది చెడి తన కొంప ముంచిందని. ఐరిష్‌లో ఆకలి, దాహం, దిగులు, జలుబు అన్నీ మనిషి మీదే ఉంటాయి. తెలుగులో అవే మనకు వేస్తాయి, మనకు కలుగుతాయి, మనకు చేస్తాయి. ఇంగ్లీషువాడొక్కడే ‘అయామ్ హంగ్రీ’ అని ఆకలికి తానే కర్తనైనట్టు మాట్లాడతాడు. ఈ లెక్కన గోదావరికి థేమ్స్ కన్నా షానన్ నదే దగ్గర చుట్టం. ‘కమ్ హియర్ టిల్ ఐ టెల్ యు’ అన్నప్పుడు ‘టిల్’ అంటే చెప్పేదాకా కాదు, చెప్పడానికి. ‘హీ కేమ్ ఇన్ అండ్ మీ హావింగ్ మై టీ’ అంటే టీ తాగుతూ ఉండగా వచ్చాడని. మన ‘ఉండగా’ చేసే చాకిరీ అక్కడ ‘అండ్’ చేస్తుంది. ప్రతి వాడుకా ఐరిష్ నుంచే వచ్చిందనడమూ అతే. పాత ఇంగ్లీషే కొన్నిచోట్ల అక్కడ చెక్కుచెదరక మిగిలిందనేవాళ్లూ ఉన్నారు. ఎటు చూసినా తెలివితక్కువ మాత్రం కారణం కాదు.

అసలు కారణం చరిత్రలో ఉంది. 1831లో మొదలైన జాతీయ పాఠశాలల్లో చదువంతా ఇంగ్లీషులో. ఇంట్లో మాట బడిలో దొర్లితే పిల్లవాడి మెడలో వేలాడే కర్ర మీద గాటు పెట్టి, గాట్లు లెక్కపెట్టి దెబ్బలు వేసే ఆచారం కొన్ని ప్రాంతాల్లో సాగింది. 1845లో మొదలైన మహాక్షామంలో సుమారు పది లక్షలమంది చనిపోయారు, మరో పది లక్షలమంది ఓడలెక్కారు. ఐరిష్ మాట్లాడే పడమటి జిల్లాలే ఎక్కువ నాశనమయ్యాయి. బతికినవాళ్లు నామవాచకాలూ క్రియలూ ఇంగ్లీషువే తెచ్చుకున్నారు. వాటిని కలిపే చిన్న మాటల మీద మాత్రం ఏ మాస్టారి కర్రా పూర్తిగా గెలవలేదు. పాట్రిక్ వెస్టన్ జాయిస్ (‘యులిసిస్’ జాయిస్ కాదు) 1910లో ఈ వాడుకల మీద పుస్తకమే వేశాడు. ఐరిష్ నాటకకర్త సింగ్ నాటకాలకు ప్రాణం పోసిందీ ఈ వాడుకలే.

కాపలాదారుల్లో ఐరిష్ వాళ్లు లేరా అంటే, లేకేం! డబ్లిన్‌లో పుట్టిన స్విఫ్టే 1712లో ఇంగ్లీషును సరిదిద్ది శాశ్వతంగా స్థిరపరచండని ప్రతిపాదన రాశాడు. ఐర్లండ్ వాడైన థామస్ షెరిడన్ 1761లో ఎడిన్‌బరో పెద్దమనుషులకు లండన్ మాట నేర్పాడు. 1780లో వేసిన నిఘంటువులో ఐర్లండ్ వాళ్లు ఉచ్చారణ ఎలా దిద్దుకోవాలో నియమాలు కూడా జతచేశాడు. ఈ మనస్తత్వం మనకు కొత్తేం కాదు. గ్రాంథికం తప్ప రాయరాదన్న పండితుల గ్రాంథికంలోనే తప్పులు ఏరి వరసపెట్టి చూపించాడు గిడుగు. ఆయన జయంతిని ఏటా భాషా దినోత్సవంగా జరుపుకునే మనమే ‘టుడే ఓన్లీ ఐ కేమ్’ అన్నవాణ్ణి చూసి పగలబడి నవ్వుతాం. ‘ఈరోజే’లోని ఏకారం ‘ఓన్లీ’ వేషం కట్టిందని మాత్రం గుర్తుపట్టం.

అయితే ఇంగ్లీషు ఎవడికి తోచినట్టు వాడు రాయొచ్చా? రాయొచ్చని ఎవరూ అనలేదు. పరీక్షలో ‘డిస్కస్ అబౌట్’ అంటే మార్కు పోతుంది, పోనివ్వకూడదనుకుంటే నేర్చుకోవాల్సిందే. కానీ ఒక మనిషి పొరపాటు వేరు, ఒక జాతి అలవాటు వేరు. పొరపాటుకు పద్ధతి ఉండదు. ఐరిష్ ‘ఆఫ్టర్’కి ఉంది. ఎప్పుడో చిన్నప్పుడు జరిగిన పనికి దాన్ని వాడరు, ఇప్పుడిప్పుడే అయినదానికి వాడతారు. ఆ తేడా అక్కడి అయిదేళ్ల పిల్లకు తెలుసు.

ఇంతకన్నా గట్టి అభ్యంతరం ఆసుపత్రిలో ఉంది: ఈ ‘ఆఫ్టర్’ను ఎవరైనా తప్పుగా అర్థం చేసుకుంటేనో? పాత లండన్ నాటకాల్లో ఐరిష్ పాత్రల నోట ఈ ‘ఆఫ్టర్’ జరగబోయేదానికి కూడా కనిపిస్తుంది. అది అప్పటి వాడుకో, రచయితల అజ్ఞానమో నేటికీ తగువే. నాటకంలో అయితే నవ్వుకుంటాం, వార్డులో మాత్ర విషయంలో అయితే ప్రాణం మీదికొస్తుంది. ఒప్పుకోవలసిందే. అయితే దీనికి మందు ఐర్లండ్ నోరు మూయించడం కాదు, వచ్చేవాళ్ల చెవి తెరిపించడం. మన నర్సులు అక్కడి నర్సింగ్ బోర్డు కోసం ఐఈఎల్‌టీఎస్సో, ఓఈటీయో ఏదో ఒక ఇంగ్లీషు పరీక్ష గట్టెక్కాలి. దానికోసం నెలల తరబడి ప్రిపొజిషన్లు రుద్దించే కోచింగువారు, వెళ్లబోయే ఊళ్లో ‘ఆఫ్టర్’ అంటే ఏమిటో చెప్పడానికి ఒక్క గంట కేటాయిస్తే వాళ్ల సొమ్మేం పోదు. అంతదాకా ఐర్లండ్ వెళ్లే అమ్మాయిలకు ఒక్క మాట: రాత్రి డ్యూటీ దిగిపోతున్న నర్సు ‘అయామ్ ఆఫ్టర్ గివింగ్ హిమ్ ద టాబ్లెట్’ అంటే మాత్ర వేసేసిందని అర్థం. చార్టు చూసుకోండి, రెండోది వేయకండి.