కొట్టివేతల బాబాయిగారు

గుంటూరు బ్రాడీపేటలో మా ఎదురింటి బాబాయిగారు కోపం వస్తే అరవరు. బీరువా తాళంచెవులు తీస్తారు. ఆ గలగల వినగానే పిన్నిగారు వంటింట్లోంచే, "ఇవాళ ఎవర్ని కొట్టేస్తున్నారు?" అని అడుగుతారు.

బీరువాలో ఉన్నది వీలునామా. ఇరిగేషన్ ఆఫీసులో హెడ్డు గుమాస్తాగా రిటైరైన మర్నాడు మొదలుపెట్టారు, ఇంకా రాస్తూనే ఉన్నారు. సంక్రాంతికి రాలేదని హైదరాబాదు పెద్దబ్బాయి పేరు మీద ఎర్ర గీత. వీడియో కాల్‌లో ఆవలించాడని డాలస్ చిన్నబ్బాయి పేరు పక్కన మార్జిన్‌లో "సగమే". ఓపిగ్గా కరెంటు బిల్లు కట్టి వచ్చిన పక్కింటి కుర్రాడు ఓ వారం పాటు స్కూటరుకు వారసుడయ్యాడు.

ఇలాంటి పెద్దమనుషులు ప్రతి వీధిలోనూ ఉంటారు. తాము పోయాక ఏమవుతుందన్నది వీళ్ల దిగులు కాదు. ఉన్నన్నాళ్లూ దర్బారు సాగాలి. లేకపోతే 1925 నాటి వారసత్వ చట్టం అడిగేది ఏపాటని? తెల్లకాగితం చాలు. స్టాంపు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ మన ఇష్టం. రాసిన మనిషి సంతకం చెయ్యాలి. ఆయన చేస్తుండగా చూసినవాళ్లో, "ఈ సంతకం నాదే" అని ఆయన నోట విన్నవాళ్లో ఇద్దరు, ఆయన ఎదుటే సాక్షి సంతకాలు పెట్టాలి.

ఆ "ఎదుటే" దగ్గర బాబాయిగారికి చిక్కొచ్చింది. ఎదుట ఉంటే చదివేస్తారని భయం. (సాక్షులు చదవాలని ఎవరూ అనలేదు సుమండీ!) అందుకని కాగితం మడిచి, అడుగున నాలుగు వేళ్ల జాగా మాత్రం కనపడేలా పనిమనిషి చేత పార్కు మిత్రులకు పంపారు. మిత్రులిద్దరూ ఆయనకన్నా పెద్దవాళ్లు. రేపు కోర్టుకెక్కితే సాక్షుల్లో ఒక్కరైనా వచ్చి చెప్పాలి కాబట్టి కాస్త వయసు తక్కువవాళ్లని చూసుకోమని దస్తావేజులు రాసే కుర్రాడు అన్నాడు. ఆ మాట పార్కు దాకా పాకింది. మిత్రుల్లో ఒకాయన అప్పట్నుంచి పలకడం మానేసి, ఎవరు ముందో తేల్చుకుందామన్నట్టు రోజూ రెండు రౌండ్లు ఎక్కువ నడుస్తున్నారు.

అసలు సొగసు ఎర్ర గీతల్లో ఉంది. సంతకాలయ్యాక చేసిన దిద్దుబాటుకి మళ్లీ సంతకమూ సాక్షులూ లేకపోతే అది చెల్లదు, కొట్టేసిన మాట బొత్తిగా చదవరాకుండా పోతే తప్ప. బాబాయిగారు స్కేలు పెట్టి సన్నగా గీస్తారు. కొట్టేసినా కింది అక్షరం కనపడాలన్నది ముప్పయ్యేళ్ల ఆఫీసు క్రమశిక్షణ. కాబట్టి ఆయన వెళ్లగొట్టినవాళ్లెవరూ బయటికి పోలేదు.

తెనాలి దగ్గర తాతలనాటి ఉమ్మడి పొలాన్ని మొత్తం కొడుకులకే రాశారు. అందులో ఆయన తన వాటా వరకే రాయగలరు, కూతురి వాటా కూతురిది. ఎన్టీ రామారావు హయాంలో 1986లో తెచ్చిన చట్టం ఇక్కడా, 2005 సవరణ దేశమంతటా ఆ హక్కు కల్పించాయి. "ఆ రామారావుకి ఓటేసింది నేనేనయ్యా!" అని వాపోతారు. షేర్ల సంగతి ఎత్తితే, "చిన్నాణ్ణి నామినీగా పెట్టానుగా, ఇంకా రాయడమెందుకు?" అంటారు. నామినీ అయినంత మాత్రాన సొంతదారు కాడని 2023లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ వార్త పడ్డ పేపరు బీరువా అరలో, వీలునామా కిందే పరిచి ఉంది.

ఈ మధ్య ఏమనిపించిందో, పాతవన్నీ రద్దుచేసి ఒకటే రిజిస్టరు చేయిద్దామని బయల్దేరారు. తోడు నన్ను రమ్మన్నారు. "స్వబుద్ధితో, ఎవరి ప్రోద్బలమూ లేకుండా..." అని గొంతు సవరించుకుని చెబుతుంటే కుర్రాడు రాసుకుపోతున్నాడు. ఇంటి దగ్గరకొచ్చేసరికి కలం ఆపి దస్తావేజు అడిగాడు. అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇల్లు అమ్మగారి పేరన ఉందండీ. మీరు రాస్తే కుదరదు, ఆవిడ రాయాలి."

సర్వీసులో ఉండగా ఎందుకైనా మంచిదని ఆయనే అలా కొన్నారు. గుర్తొచ్చింది.

"పోనీ నగలు?"

"పుట్టింటివాళ్లు పెట్టినవని మీరే చెప్పారు కదండీ. అవీ అమ్మగారివే."

బ్రాడీపేటలో ఆయన సొంతానికి మిగిలింది స్కూటరు.

ఆ రాత్రి నన్ను భోజనానికి ఉండమన్నారు. బీరకాయ పప్పులో పిన్నిగారు ఉప్పు వెయ్యడం మర్చిపోయారు. నేను ముద్ద మింగలేక ఊరగాయ కోసం వెతుక్కుంటుంటే, బాబాయిగారు రెండోసారి వడ్డించుకుని, "ఇవాళ పప్పు అద్భుతంగా కుదిరిందోయ్" అన్నారు.