జడ వేసుకోండి మాస్టారూ!

సినిమా పాటల్లో ఆడవాళ్ళ చేత అసభ్యమైన స్టెప్పులు వేయించవద్దని మహిళా కమిషన్ హెచ్చరించింది. 'రాబిన్‌హుడ్' సినిమా వాళ్ళు థియేటర్ ప్రింటులో స్పెషల్ సాంగులోని అలాంటి స్టెప్పు కత్తిరించారు. తెలుగు ఆడపడుచుల గౌరవం క్షేమంగా ఇల్లు చేరింది.

అయితే కత్తెరతో ఎన్నాళ్ళు నెట్టుకొస్తాం? శాశ్వత పరిష్కారం కృష్ణా జిల్లాలోనే ఉంది. కూచిపూడిలో తరతరాలపాటు మగవాళ్ళే సత్యభామ వేషం కట్టారు. వేదాంతం సత్యనారాయణ శర్మగారు జడ ముందుకేసుకుని, విరహంతో వేగిపోతూ, మాధవి చేత కృష్ణుడికి లేఖ పంపుతుంటే జనం చేతులెత్తి మొక్కారు. 1970లో పద్మశ్రీ ఇచ్చారు. (ఆయన భామ ముందు నిలిచే భామ ఇంకా పుట్టలేదు, ఆ మాట వేరు.) ఆడదాని వలపును మగవాడు ఆడితే కళ, ఆడదే ఆడితే నోటీసు.

కనుక ఇకమీదట స్పెషల్ సాంగులన్నీ మగవాళ్ళే చెయ్యాలి. కళాకారుల కొరత లేదు. స్టెప్పు ఊహించిందీ, రిహార్సల్లో మొదట తన నడుము మీదే పరీక్షించి చూపించిందీ డాన్స్ మాస్టారే కదా? పల్లవి రాసిందీ, 'ఇంకొంచెం' అని మైకులో అరిచిందీ, డబ్బు పెట్టిందీ మగవాళ్ళే. ఇందరు మగవాళ్ళ మనసులో ఉన్న భామను మొయ్యడానికి మధ్యలో ఒక అమ్మాయి దేనికి, దండగ! 'దబిడి దిబిడి' పాట దరువుకైతే హీరోగారి తొడ ఉండనే ఉంది, చెయ్యి తిరిగిన వాయిద్యం. మీసం తియ్యడానికి అభిమానులు ఒప్పుకోకపోతే మీసంతోనే ఆడతారు. సిక్స్‌ప్యాక్ మీద వడ్డాణం బిగిస్తే నలభై అడుగుల భామ కటౌట్‌కి పాలాభిషేకం ఖాయం. సెన్సార్‌వారు జడ పొడవు కొలిచి సర్టిఫికెట్ ఇస్తే సరి.

ఈ ఏర్పాటు మనకేం కొత్త కాదు. తంజావూరు ఆస్థానంలో ముద్దుపళని అనే గణిక రాధ కోరికను రాధ వైపు నుంచి 'రాధికా సాంత్వనం'లో రాసింది. వీరేశలింగంగారికి అది బూతనిపించింది. మరి ఆయనే చూసి అచ్చుకు ఒప్పుకున్న 'వైజయంతీ విలాసం' మాటేమిటని అడిగిన బెంగుళూరు నాగరత్నమ్మ, 1910లో ముద్దుపళని పుస్తకాన్ని పూర్తిగా అచ్చు వేయించింది. మరుసటి ఏడే పోలీసులు దాన్ని అచ్చు వేసిన వావిళ్ళవారి మీద పడి ప్రతులు పట్టుకుపోయారు. మగ కవుల ప్రబంధాల్లో నాయికల అంగాంగ వర్ణనలు మాత్రం బళ్ళలో పిల్లల చేత వల్లె వేయించాం. ముద్దుపళని పుస్తకం మీద పడిన నిషేధాన్ని చివరికి టంగుటూరి ప్రకాశంగారు ఎత్తేశారు. 1947లో మద్రాసు చట్టం దేవదాసీల అంకితాన్ని ఆపింది, ఆపవలసిందే. దానితోపాటు గుళ్ళో వాళ్ళ ఆటనూ ఆపింది. పదాలూ జావళీలూ మాత్రం మనకు ముద్దొచ్చాయి. వలపు వడగట్టేసి, భక్తి కలిపి, గౌరవమైన ఇళ్ళ అమ్మాయిల చేత సభల్లో పాడించాం, ఆడించాం. నేర్పిన కళావంతుల ఇంటి ఆడవాళ్ళు తమ ఊళ్ళోనే పేరు దాచుకుని బతకాల్సి వచ్చింది. దాని గురించి ఏ పెద్దమనిషీ పత్రికకెక్కలేదు.

ఇప్పుడు కత్తిరించిన స్టెప్పు నాకూ రోతే. అందులో ఆ అమ్మాయి ఇష్టం వీసమెత్తు లేదు, ఉన్నదంతా మానిటర్ ముందు కుర్చీల్లో కూర్చున్నవాళ్ళదే. వాళ్ళు ఇంకో సినిమాలో ఇంకో అమ్మాయి చేత ఇంకో స్టెప్పు వేయిస్తారు, మళ్ళీ తిట్లు తినేది ఆ అమ్మాయే. కత్తెర పట్టుకున్న పెద్దలారా, ఆడది తన ఒంటి సంతోషం కోసం తనే కట్టుకుని తనే ఆడిన ఆటను ఈ నేల మీద ఎక్కడ బతకనిచ్చారో ఒక్క చోటు చూపించండి.