హీటరు ప్లగ్గు పీకు విధంబెట్టిదనిన

పుస్తకాల్లో దీని పేరు గ్లో ప్లగ్గు. నరసరావుపేటలో ఏ షెడ్డుకెళ్లి ఆ మాటన్నా మెకానిక్ మీ మొహంలోకి ఒకసారి చూసి, మనసులో రేటు పెంచేసుకుంటాడు. అందుకని మొదటి చిట్కా: హీటర్ ప్లగ్గు అనండి. మిగతా చిట్కాలు నా సొంత అనుభవంలోంచి తీసినవి. ఆ అనుభవం ప్రస్తుతం వినుకొండ రోడ్డులో ఒక షెడ్డు ముందు బానెట్టు ఎత్తుకుని నిలబడి ఉంది. అటుగా వెళ్లేవాళ్లు చూడొచ్చు.

ముందు ఈ ప్లగ్గు గొడవేంటో చెప్తాను. పెట్రోలు బండికి నిప్పురవ్వ కావాలి. డీజిల్‌కి అక్కర్లేదు. సిలిండర్లో గాలిని పదహారో వంతుకో పద్దెనిమిదో వంతుకో కుదించేస్తే అది 500 డిగ్రీలు దాటి కాగుతుంది. అందులోకి డీజిల్ చిమ్మితే తనంతట తనే భగ్గుమంటుంది. 1897లో ఆగ్స్‌బర్గ్‌లో రుడాల్ఫ్ డీజిల్ నడిపి చూపించింది ఈ కిటుకునే. చలిదేశాల్లో మాత్రం చల్లటి ఇనుము ఆ వేడినంతా లాగేసుకుంటుంది. అందుకే తాళం తిప్పగానే సిలిండర్ లోపల ఎర్రగా కాలే ఒక ఇనప వేలు పెట్టారు. కొన్ని సెకన్లలో వెయ్యి డిగ్రీల దాకా పోతుంది.

మరి మనకెందుకు? ఎండాకాలం పేపర్లో పైవరసన కనపడే రెంటచింతల ఉన్నది మన పల్నాడు జిల్లాలోనే. ఇక్కడ పెనం పెట్టకుండానే అట్టు కాలుతుంది. నాలుగు ప్లగ్గుల్లో రెండు చచ్చిపోయినా బండి సెల్ఫ్ అందుకుంటుంది. పొద్దున్నే రెండు దగ్గులు దగ్గి, కాస్త తెల్లపొగ వదులుతుంది, అంతే. కాబట్టి రెండో చిట్కా: డాష్‌బోర్డు మీద చుట్టలు తిరిగిన తీగ బొమ్మతో ఒక పసుప్పచ్చ లైటుంటుంది. తాళం తిప్పినప్పుడు వెలిగి ఆరిపోవాల్సిన ఆ లైటు, బండి నడుస్తుండగా మినుకుమినుకుమన్నా సరే, కంగారు పడకండి. నేను ఏడేళ్లు పడలేదు. ఆ ఏడేళ్లలో ప్లగ్గు చుట్టూ మసి పేరుకుంది. ఉక్కు ప్లగ్గూ అల్యూమినియం హెడ్డూ తుప్పుతో కలిసిపోయి, విడదీయరాని బంధువులైపోయాయి. మా పెద్దమ్మ ఆవకాయ జాడీ మూత కూడా ఇంత గట్టిగా ఎప్పుడూ పట్టలేదు.

ఇక పీకుడు. డిసెంబరు నెలలో, కోటప్పకొండ మంచులో కనపడని పొద్దున, బండి స్టార్టవ్వని రోజే దీనికి మంచి ముహూర్తం. ఇంజను రాయిలా చల్లగా ఉండాలి. తెలిసినవాళ్లు ఇంజను వేడెక్కించి తియ్యమంటారు. వేడికి ఉక్కు కన్నా అల్యూమినియం ఎక్కువ సాగుతుందనీ, పట్టు సడలుతుందనీ వాళ్ల వాదన. తుప్పు వదిలించే నూనె కొట్టి రెండు మూడు రాత్రులు నానబెట్టమని కూడా అంటారు. మినుములా నానబెట్టడానికి? రుబ్బి గారెలు వేస్తామా?

షెడ్డులో ఉండే పెద్దాయన నాకీ మాటే చెప్పాడు. "బాబాయ్, కదల్లేదంటే ఆపెయ్. నూనె పోస్తా, రేప్పొద్దున రా. అంత తొందరేంది?"

"రేప్పొద్దున నాకు మాచర్లలో పెళ్లుందయ్యా."

"అయితే బస్సులో పో."

పెళ్లికి బస్సులో పోవడమా! పానా నేనే తీసుకున్నాను.

ఇక్కడ ఒక లెక్కుంది. ఎం10 మర ఉన్న ప్లగ్గు 35 న్యూటన్ మీటర్ల బలానికి మించితే విరిగిపోవచ్చని తయారీదార్లు చెప్తారు. ఇంటి లెక్కలో అంటే మీటరు పొడుగు పైపు చివర మూడున్నర కిలోల బరువు వేలాడదీసినంత. చంటిపిల్ల బరువు. బిగించడానికి అందులో సగం కూడా అక్కర్లేదు. ఈ అంకెలు చూస్తుంటే నాకు నవ్వొచ్చింది. కోటప్పకొండ తిరునాళ్లకి తాటిచెట్లని మించిన ప్రభలు లాక్కెళ్లే ఊళ్లవాళ్లం. కారెంపూడిలో వీరుల ఆయుధాలకి ఇప్పటికీ పూజ చేసే సీమవాళ్లం. మనకి టార్క్ రెంచి చూసి తిప్పమని చెప్తారా? పానాకి బోరుపైపు ముక్క తొడగండి. మీటరు చాలు. దాని చివర మీ బరువు పడాలి. నాది 84 కిలోలు.

పైపు లేకుండా కొంచెం వదులు చేసి, మళ్లీ బిగించి, నూనె చుక్క వేసి, ఇంకొంచెం వదులు చేసి, అలా ముందుకీ వెనక్కీ ఆడిస్తూ తీసేవాళ్లూ ఉన్నారు. వాళ్ల పెళ్లిళ్లన్నీ ఎవరు చూసుకుంటారో నాకు తెలీదు.

కాసేపటికి టప్పుమని ఒక శబ్దం వస్తుంది. పైపు తేలికైపోతుంది. మీరు కిందపడకుండా ఉంటే, చేతిలో ఆరు పలకల తల ఒకటి మిగులుతుంది. మరలున్న ఒళ్లు హెడ్డులోనే ఉంటుంది. ఈ ఘట్టంలో వెనక్కి చూడకూడదు. కోటప్పకొండ గొల్లభామ కథ తెలిసిందే కదా, వెనక్కి తిరిగినందుకే స్వామి ఆవిడ వెంట రాకుండా కొండ మీదే ఆగిపోయాడు. మీరు వెనక్కి చూస్తే పెద్దాయన మొహం కనపడుతుంది.

విరిగింది తీయడానికి ఒక పద్ధతుందట. ముందు మధ్యలో ఉన్న కరెంటు కడ్డీని పట్టుకు లాగేయాలి. తర్వాత హెడ్డుకి గైడు బిగించి, డ్రిల్లు వంకర పోకుండా, చిన్న బిట్టుతో మొదలుపెట్టి పెంచుకుంటూ ఒళ్లుని తొలవాలి. బిట్టుకి గ్రీజు పూస్తే ఇనప రజను దానికి అంటుకుంటుంది. కింద మిగిలిన మొనని మర ఎక్కించి, జారుడు సుత్తితో పైకి గుంజాలి. చివర్న మరలు శుభ్రం చేసి, ఇంజెక్టర్లు తీసి, సెల్ఫ్ కొట్టి లోపలి రజను బయటికి ఊదించాలి. వింటుంటేనే రెండు పెళ్లిళ్లు అయిపోయేలా ఉంది.

నేను చెప్పేది వినండి. గోడకి ఫ్యాను బిగించడానికి కొన్న డ్రిల్లు అందరిళ్లల్లో ఉంటుంది. గైడు వద్దు, కన్ను చాలు. నా కన్ను రెండు మిల్లీమీటర్లు ఎడమకి పోయింది. ఉక్కు కన్నా అల్యూమినియం మెత్తన కాబట్టి బిట్టు ఎంచక్కా అటు దిగింది, చాలా హాయిగా, వెన్నలోకి దిగినట్టు. గ్రీజు బట్టలకి అంటుతుందని పూయలేదు. రజనంతా లోపలికే పోయింది. మొన కదలకపోతే ఇనప చువ్వ పెట్టి సుత్తితో ఒక్కటివ్వండి, లోపలికి దిగిపోతుంది. కంటికి కనపడకపోతే సగం సమస్య తీరినట్టే కదా.

పిస్టను పైకొచ్చినప్పుడు దానికీ హెడ్డుకీ మధ్య ఉండే సందు మిల్లీమీటరు అటూ ఇటూ. ప్లగ్గు మొన మందం నాలుగైదు. ఈ సంగతి నాకు తర్వాత చెప్పారు. అప్పటికి నా సిద్ధాంతం వేరు. లోపల అంత మంట మండుతుంటే ఆ ముక్క కరిగి సైలెన్సర్‌లోంచి పోదా అని. రంధ్రంలో ఒక బోల్టు బిగించి, తాళం తిప్పాను. సత్తు గిన్నెలో శనక్కాయలు పోసి కుదిపినట్టు ఒక చప్పుడు. తర్వాత చప్పుడే లేదు. మల్లమ్మ సెంటర్ దాకా వినపడి ఉంటుందని పెద్దాయన అన్నాడు. మనిషి కాస్త ఎక్కువ చెప్తాడు.

పెళ్లికి బస్సులోనే వెళ్లాను. భోజనాలైపోయాయి.

వారం తర్వాత హెడ్డు దించారు. పిస్టను నెత్తి మీద సుత్తితో వాయించినట్టు గుంటలు. రెండు వాల్వులు వంగాయి. హెడ్డు లేత్ పనికి గుంటూరు పోయొచ్చింది. బిల్లు ఎంతో మా ఆవిడకి చెప్పలేదు కాబట్టి ఇక్కడా చెప్పను. ఒక ప్లగ్గు ఖరీదు పక్కన పెట్టి చూస్తే మాత్రం, ప్లగ్గు ఉచితంగా వచ్చినట్టే లెక్క.

ఇక ఆఖరి చిట్కా. కొత్తది ఒక్కటే కొనండి. నాలుగూ మార్చమంటారు, ఒకటి పోయిందంటే మిగతావీ దాని ఈడువే అంటారు. మరలకి కాస్త మందు పూసి బిగిస్తే మళ్లీ పట్టెయ్యదనీ అంటారు. నిన్న పెద్దాయన ఇదే మాట ఎత్తాడు.

"బాబాయ్, మిగిలిన మూడూ ఎట్టాగూ తియ్యాల. నూనె పోశా. మూడు రోజులాగు."

మూడు రోజులా? ఎల్లుండి సత్తెనపల్లిలో గృహప్రవేశం. పైపు కోసం చుట్టూ చూశాను. ఎక్కడా కనపడలేదు. షెడ్డు కుర్రాడు దాని మీద కూర్చుని టీ తాగుతున్నాడు.