షోరూం సూత్రం: టీకా తాత్పర్య సహితం

మూలం: "నూతన కీ కొరకు యజమాని తన వాహనమును, ఉన్న కీలన్నిటిని, ఒరిజినల్ పత్రములను తీసుకొని స్వయముగా రావలెను. భద్రతా కారణముల దృష్ట్యా అడ్వాన్సు వాపసు చేయబడదు."

అవతారిక. చేవెళ్ల వాసి ఒకాయన మొక్కు తీర్చుకోవడానికి చిలుకూరు బాలాజీ గుడికి వెళ్లాడు. 108 ప్రదక్షిణల లెక్క తప్పకూడదన్న శ్రద్ధలో జేబు మీద శ్రద్ధ తప్పింది. పార్కింగులోకి వచ్చేసరికి కారు ఉంది, రిమోట్ కీ లేదు. ఇంట్లో రెండోది కూడా లేదు; సెకండ్ హ్యాండులో కొన్న బండి, అమ్మినవాడు ఒక్కటే ఇచ్చాడు. నగరంలోని ఒక సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేస్తే పై సూత్రం వాట్సాప్‌లో అవతరించింది. ఆ సెంటర్ పేరు ఇక్కడ అనవసరం. సూత్రకారుల విషయంలో సందిగ్ధత ఎలాగూ సంప్రదాయమే.

వ్యాఖ్యాతల్లో పెద్దవాడు మల్లినాథసూరి మనకు దూరపువాడేమీ కాదు. ఆయన ఇంటిపేరు కోలాచలం. ఆ ఊరే నేటి మెదక్ జిల్లా కొల్చారం అంటారు. ఆధారం లేనిది రాయను, అక్కర లేనిది చెప్పను అని ఆయన నియమం పెట్టుకున్నాడు. ప్రస్తుత వ్యాఖ్యాత అందులో మొదటి సగాన్ని పాటిస్తాడు.

నూతన, కీ, యజమాని: ఇవి సుగమాలు. అన్వయమే చిక్కు. "భద్రతా కారణముల దృష్ట్యా" అన్నది ముందు వాక్యానికి చెందుతుందా, వెనుక వాక్యానికా? కాకాక్షిగోలక న్యాయంతో రెండు వైపులా తిప్పవచ్చని కొందరంటారు. ముందుకు తిప్పితే అర్థం ఉంది. వెనక్కి తిప్పితే, కట్టిన డబ్బు తిరిగివ్వడం వల్ల ఎవరి భద్రతకు ముప్పో తేలదు. ఆ భక్తుడు అప్పుడే హుండీ లేని గుడి నుంచి బయటికి వచ్చాడు కనుక ఆయనకు ఈ వాక్యం మరీ దుర్గమంగా తోచింది.

"వాహనమును తీసుకొని": ఇక్కడ అన్యోన్యాశ్రయ దోషం. కీ రావాలంటే కారు పోవాలి, కారు పోవాలంటే కీ ఉండాలి. తార్కికులు ఇలాంటి చోట చేతులెత్తేస్తారు. లోకం టోయింగ్ బండిని పిలుస్తుంది. బీజాపూర్ రోడ్డు మర్రిచెట్ల కింద కొక్కేనికి తగిలించిన కారు నగరం దాకా ఊరేగుతుంది. ఆ బాడుగ ఎవరు కట్టాలో సూత్రంలో లేదు. కాబట్టి యజమానే కడతాడు.

"ఉన్న కీలన్నిటిని": దీనికి న్యాయమైన కారణమే ఉంది, దాచకూడదు. కీ తలలో ఒక చిన్న చిప్ ఉంటుంది. దానికి బ్యాటరీ అక్కర్లేదు. తాళం తిప్పినప్పుడు ఇగ్నిషన్ చుట్టూ ఉన్న తీగచుట్ట సాధారణంగా 125 కిలోహెర్ట్జ్ దగ్గర దాన్ని తట్టి లేపుతుంది. అది జవాబు సరిగా చెబితేనే ఇంజిన్ కదులుతుంది. (మనం మార్చే సీఆర్2032 బిళ్ల తలుపు బటన్ల కోసం.) కొత్త కీని కారుకు పరిచయం చేసేటప్పుడు చాలా మోడళ్లలో పాత జాబితా చెరిగిపోతుంది, ఎదురుగా ఉన్న కీలకే మళ్లీ చోటు. పారేసుకున్న కీ దొరికినవాడు తలుపు తీయగలడేమో, బండి నడపలేడు. మంచిదే. కానీ ఒక్క కీ కూడా మిగలనివాడి గతేమిటి? వైశేషికులు అభావాన్ని ఏడో పదార్థంగా ఒప్పుకున్నారు. సర్వీస్ సెంటర్ ఒప్పుకోదు, పోలీసు స్టేషన్ నుంచి కాగితం తెమ్మంటుంది.

ఇక చోరవిద్య. తాళం మీద ఏ వ్యాఖ్య అయినా మృచ్ఛకటికం మూడో అంకాన్ని తాకకుండా పోవడం పాపం. చారుదత్తుడి ఇంటికి కన్నం వేయడానికి వచ్చిన శర్విలకుడు శాస్త్రజ్ఞుడు. కన్నం ఆకారాలు అతనికి ఏడు తెలుసు: వికసించిన పద్మం, సూర్యబింబం, నెలవంక, దిగుడుబావి, స్వస్తికం వగైరా. ఇటుక గోడకు పూర్ణకుంభమే శోభిస్తుందని తేల్చుకుంటాడు. కొలతాడు మరచిపోయాడు, జంధ్యంతో కొలుస్తాడు. అదే జంధ్యం తలుపు గడియ తీయడానికీ పనికొస్తుందని, పాము కరిస్తే కట్టు కట్టుకోవచ్చని మెచ్చుకుంటాడు. అంతలోనే వేలికి కాటు పడుతుంది, కడతాడు కూడా. దీపం ఆర్పడానికి పురుగును వెంట తెచ్చుకున్నాడు. దండి దశకుమారచరిత్రలో అపహారవర్మ కూడా అంతే: కొయ్య మనిషి తల, కొలతాడు, దీపాలార్పే పురుగుల పెట్టె మోసుకుని బయల్దేరతాడు. ఎంత తయారీ, ఎంత వినయం! శర్విలకుడు పనికి ముందు కుమారస్వామికీ గురువులకూ దండం పెట్టుకున్నాడు. అడ్వాన్సు మాత్రం ఎవరికీ కట్టలేదు.

కారు సంగతి. ఆ గురుపరంపర తెగలేదు, విశ్వవిద్యాలయాలకు చేరింది. 2005లో జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు, ఆర్ఎస్ఏ ల్యాబ్స్ వారు కలిసి, కోట్లాది కీలలో ఉన్న టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ చిప్ 40 బిట్ల రహస్యాన్ని విప్పి చూపించారు. మెగామోస్ క్రిప్టో అనే మరో చిప్ లోపాలను పరిశోధకులు ఒక పత్రంలో బయటపెట్టబోతే 2013లో ఫోక్స్‌వ్యాగన్ ఇంగ్లండ్ హైకోర్టు నుంచి నిషేధం తెచ్చుకుంది. ఆ పత్రం 2015లో గానీ వెలుగు చూడలేదు. బటన్ స్టార్ట్ బండ్లకైతే, ఇంట్లో ఉన్న కీ సంకేతాన్ని రెండు పెట్టెలతో వీధిలోని కారు దాకా సాగదీసే దొంగలున్నారు. వాళ్లెవరినీ ఒరిజినల్ ఆర్సీ అడిగినవాడు లేడు. సూత్రంలోని కట్టుబాట్లన్నీ కొన్నవాడికే.

పాఠాంతరం ఒకటి ఉంది. టోల్ గేట్లా అడ్డుపడే షోరూంను వదిలి, మెకానిక్ ఇచ్చిన నంబరుకు ఫోన్ చేస్తే ప్రైవేటుగా కీ కోడింగ్ చేసే కుర్రాడు పలుకుతాడు. "లొకేషన్ పెట్టండి సార్, నేనే వస్త. ఆర్సీ, ఆధార్ దగ్గర పెట్టుకోండి." మోటార్ సైకిల్ మీద వస్తాడు, స్టీరింగ్ కింద ఓబీడీ పోర్టుకు తన యంత్రం తగిలిస్తాడు, కారు నిలిచిన చోటే పని కానిస్తాడు. అన్ని మోడళ్లకూ కుదరదు. కాగితాలు అడగకుండా చేసేవాళ్లూ ఉన్నారు, వాళ్ల జోలికి పోకూడదు. అయినా రేటు ముందే చెప్పేవాడు, కారు దగ్గరికి తానే వచ్చేవాడు ఇతనే. కోట్లు పెట్టి అద్దాల మేడలు కట్టిన కంపెనీలు ఒక వ్యాన్‌లో ఆ యంత్రం పెట్టి చేవెళ్ల దాకా పంపలేవా? కొత్త కీ ధర, పట్టే రోజులు గోడమీద రాయలేవా?

తాత్పర్యం: కారు నీది, దాని కీ రహస్యం కంపెనీది.

కాబట్టి చేవెళ్ల, మొయినాబాద్ చదువరులకు ఒక మనవి. పాత కారు కొనేటప్పుడు రెండో కీ చేతికి వచ్చేదాకా డబ్బు పూర్తిగా ఇవ్వకండి. కీతో పాటు కొన్ని కంపెనీలు ఇచ్చే నంబరు బిళ్లను ఫోటో తీసి, కారులో కాకుండా ఇంట్లో దాచండి. బీమా పాలసీలో కీ పోతే ఖర్చు ఇచ్చే అదనపు కవర్ ఉందేమో చూడండి. కారే చోరీ అయిందనుకోండి, క్లెయిముకు వెళ్తే బీమా కంపెనీ మొదట అడిగేవాటిలో ఆ రెండు కీలూ ఉంటాయి.